చేపలు వదిలిన చెరువులో క్యాట్‌ఫిష్ గాలానికి పడటం ఎందుకు మానేస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

టెక్సాస్‌లో పార్కుల చెరువుల్లో, ఇళ్ల కాలనీల చెరువుల్లో, ఊరి బయట కొనుక్కున్న పొలాల కుంటల్లో వదిలేది ఎక్కువగా చానల్ క్యాట్‌ఫిష్. మన జెల్లల్లాగే దీనికీ పొలుసు ఉండదు. మూతి చుట్టూ మీసాలు, వీపు మీదా పక్క రెక్కల దగ్గరా ముళ్లు ఉంటాయి. బాగా పడుతున్న చెరువు ఉన్నట్టుండి మూగబోతే చాలామంది మొదట ఎర మారుస్తారు. నిజానికి ఎర చివర్న మార్చాల్సింది. అంతకు ముందు మూడు సంగతులు తేల్చుకోవాలి: చెరువులో చేప మిగిలి ఉందా, ఉంటే తినే స్థితిలో ఉందా, మీ ఎర అది ఊపిరి పీల్చుకోగలిగే లోతులో ఉందా. ఈ పేజీలో జవాబులన్నీ ఈ మూడింటి చుట్టూనే తిరుగుతాయి.

పరిశీలన ఎక్కడ మొదలుపెట్టాలి?

చెరువు మీదే అయితే తేలే మేత గుళికలతో మొదలుపెట్టండి. పశువుల దాణా దుకాణాల్లో 28 లేదా 32 శాతం మాంసకృత్తులున్న క్యాట్‌ఫిష్ మేత దొరుకుతుంది. సాయంత్రం, పొద్దు వాలే ముందు, గాలి ఏ వైపు నుంచి వస్తోందో ఆ గట్టు మీద నిలబడి రెండు గుప్పిళ్లు చల్లండి. గుళికలు గాలికి తేలుతూ చెరువంతా పరుచుకుంటాయి. పదిహేను నిమిషాలు కదలకుండా చూడండి.

చేపలు పైకొచ్చి చప్పుడు చేస్తూ తింటే నీటిలో ఇబ్బంది లేదు. అవి మీ గాలాన్ని గుర్తుపట్టి తప్పించుకుంటున్నాయి, లేదా ఎరలో లోపం ఉంది. ఒకటీ అరా వచ్చి నెమ్మదిగా ఒక గుళిక మింగి కిందికి పోతుంటే ఉష్ణోగ్రత గానీ ప్రాణవాయువు గానీ బాగాలేదు. ఒక్కటీ రాకపోతే వెంటనే చేపలు లేవని తేల్చేయకండి. హేచరీలో, అంటే చేపపిల్లల్ని పెంచే కేంద్రంలో, గుళికలు తిని పెరిగిన చేప కూడా ఏడాది రెండేళ్లు మేత చూడకపోతే ఆ అలవాటు మరిచిపోతుంది. వారం పది రోజులు అదే చోట అదే వేళకు కొద్దికొద్దిగా వేశాక కూడా నీరు కదలకపోతే అప్పుడు అనుమానించాలి.

పార్కు చెరువులో మేత చల్లడానికి ముందు అక్కడి బోర్డు మీది నిబంధనలు చదవండి. మేత వేయలేని చోట ఉష్ణోగ్రత కొలవడమే మొదటి పని.

ఏ ఉష్ణోగ్రతలో బాగా తింటాయి?

నీరు 75 నుంచి 85 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉంటే (24 నుంచి 29 సెల్సియస్) చానల్ క్యాట్‌ఫిష్ ఆకలి మీద ఉంటుంది. 90 దాటితే తగ్గుతుంది. 50కి దిగితే జీర్ణశక్తే మందగించి, రోజుల తరబడి ఏమీ ముట్టకుండా ఉండగలదు. కొలవాల్సింది గాలిని కాదు, నీటిని. వంటింటి థర్మామీటరును తాడుకు కట్టి, సీసం బరువు తగిలించి, ఒక అడుగు లోతులో, నాలుగు అడుగుల లోతులో, చెరువు అడుగున, ఇలా మూడు చోట్లా చూడండి. పైకి లాగేలోపు అంకె మారిపోతుంటే మూత బిగించిన చిన్న సీసాకు బరువు కట్టి దింపండి. మూతకు వేరే దారం ఉండాలి. లోతుకు చేరాక మూత లాగితే ఆ లోతు నీరే నిండుతుంది. వెంటనే పైకి తీసి కొలవండి.

జూన్ దాకా బాగా పడ్డాయి. జులై, ఆగస్టుల్లో అడుగున ఎర వేస్తే గంటలు గడిచినా కదలిక లేదు. ఎందుకు?

ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. జవాబు తెలిసినా చాలామంది నమ్మరు, ఎందుకంటే క్యాట్‌ఫిష్ అడుగున తిరిగే చేప అన్న మాట మనసులో నాటుకుపోయింది.

ఎండాకాలంలో ఆరేడు అడుగులకు మించి లోతున్న చెరువు రెండు పొరలుగా విడిపోతుంది. పైన వేడెక్కి తేలికైన నీరు, కింద చల్లని బరువైన నీరు. రెండూ కలవవు. పై పొరకు గాలి తగులుతుంది, ఎండలో నాచు కూడా ప్రాణవాయువును ఇస్తుంది. కింది పొరకు అవేవీ అందవు. పైగా అడుగున కుళ్లే ఆకులు, మిగిలిపోయిన మేత, రెట్టలు ఉన్న కాస్త ప్రాణవాయువునూ తినేస్తాయి. కొన్ని వారాలకు అక్కడ ఏ చేపా నిలవలేదు. లీటరు నీటిలో ప్రాణవాయువు 3 మిల్లీగ్రాములకు తగ్గితే క్యాట్‌ఫిష్ ఒత్తిడికి లోనై మేత తగ్గిస్తుంది. 1 దగ్గరకు వస్తే చావు ముప్పే. మీరు పది అడుగుల లోతులో పెట్టిన కోడి కార్జం ఎంత వాసన వేసినా అక్కడికి వచ్చి తినే చేప ఉండదు.

పరికరాలు లేకుండా గుర్తుపట్టే దారి ఒకటుంది. సీసపు గుండుకు అంటుకొచ్చిన బురద నల్లగా ఉండి కుళ్లిన గుడ్డు వాసన వేస్తే ఆ లోతులో ప్రాణవాయువు లేదు. థర్మామీటరుతో అయితే, అడుగు రెండడుగుల తేడాలో ఉష్ణోగ్రత ఒక్కసారిగా నాలుగైదు డిగ్రీలు పడిపోయే చోటు వెతకండి. పొరల సరిహద్దు అదే. ఎర దానికి పైనే వేలాడాలి. ఇలాంటి చెరువుల్లో సాధారణంగా మూడు నుంచి ఐదు అడుగుల లోతు సరిపోతుంది.

ఇందుకు జారే బెండు కావాలి. దారానికి ముందు బెండు మరీ పైకి జారకుండా ఆపే స్టాపర్ ముడి, తర్వాత చిన్న పూస, ఆపైన బెండు, దాని కింద పావు ఔన్సు సీసం, అక్కణ్నుంచి అడుగు దూరంలో కొక్కెం. స్టాపర్ ముడిని జరిపితే లోతు మారుతుంది. మొదట మూడు అడుగులకు పెట్టి ఇరవై నిమిషాలు చూడండి. ఏమీ లేకపోతే ఇంకో అడుగు లోతుకు దించండి. బెండు ఇష్టం లేకపోతే మూడు నాలుగు అడుగుల లోతే ఉండే వాలు గట్టు దగ్గర నేల మీద ఎర వేయొచ్చు. అక్కడి అడుగు పై పొరలోనే ఉంటుంది.

తెల్లవారుజామున వెళ్లమంటారు కదా?

వసంతంలో, శరదృతువులో వెళ్లండి. నడి ఎండాకాలంలో పచ్చగా నాచు కట్టిన చెరువుకు మాత్రం అది చెడ్డ వేళ. నాచు పగలు ప్రాణవాయువును వదులుతుంది, రాత్రంతా పీలుస్తుంది. అందుకే సూర్యోదయానికి కాస్త ముందు ప్రాణవాయువు అతి తక్కువగా, మధ్యాహ్నం తర్వాత అతి ఎక్కువగా ఉంటుంది. పైగా వేడి నీరు పట్టుకోగలిగేదే తక్కువ: 50 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర లీటరుకు సుమారు 11.3 మిల్లీగ్రాములు ఇముడుతుంది, 86 దగ్గర 7.5 మాత్రమే. ఆగస్టులో మా సలహా పొద్దు గుంకే ముందు గంట, గుంకాక రెండు మూడు గంటలు.

తెల్లవారుజామున చేపలు నీటి పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే గాలం పక్కన పెట్టండి. అది ఆకలి కాదు, ఊపిరాడకపోవడం. నీటిలోకి గాలి ఎక్కించే ఏరేటర్ ఉంటే వేయండి. లేకపోతే పంపుతో పై పొర నీటినే తోడి తిరిగి చెరువులో చిమ్మండి. అడుగు నీటిని తోడితే ముప్పు పెరుగుతుంది. మేత పూర్తిగా ఆపండి.

వాన పడితే మేలా, చెడా?

రెండూ చూస్తాం. పొలం మీంచి మెల్లగా పారి వచ్చే వెచ్చని వాననీరు పురుగుల్ని, వానపాముల్ని తెస్తుంది. ఆ నీరు చెరువులో కలిసే మూల దగ్గర క్యాట్‌ఫిష్ గుమిగూడుతుంది. వానాగిన కొన్ని గంటల్లో అక్కడ వేసిన వానపాము వృథాగా పోవడం అరుదు.

ఎండాకాలంలో ఉరుములతో, గాలితో కుండపోతగా పడే చల్లని వాన వేరు. అది పై పొరను చల్లబరిచి బరువెక్కిస్తుంది, గాలి నీటిని కలియదిప్పుతుంది. ప్రాణవాయువు లేని అడుగు నీరు పైకొచ్చి చెరువంతా కలిసిపోతుంది. మరుసటి రోజు నీరు ముదురు గోధుమరంగుకో నలుపుకో తిరిగి, వాసన వేస్తుంటే ఇదే జరిగింది. ముందు పెద్ద చేపలు చస్తాయి. బతికినవి కొన్ని రోజుల పాటు ఎర ముట్టకపోవచ్చు. అక్టోబరు ప్రాంతంలో తొలి గట్టి చలిగాలికి కూడా పొరలు కలిసిపోతాయి, కానీ అప్పటికి నీరు చల్లబడి ఉంటుంది కాబట్టి దెబ్బ సాధారణంగా చిన్నదే.

మే నెలలో పెద్ద చేపలు పడటం మానేశాయి, చిన్నవి పడుతున్నాయి. ఏమిటి కారణం?

గుడ్లు పెట్టే కాలం. నీరు 75 నుంచి 80 డిగ్రీల మధ్య కొన్ని రోజులు నిలకడగా ఉంటే ఈడొచ్చిన చేపలు గట్టు కింది బొరియలు, బోలు మొద్దులు, రాళ్ల సందులు వెతుక్కుంటాయి. ఆడది గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. మగది వాటికి కాపలా కాస్తూ, తోకతో నీరు ఆడిస్తూ, గుడ్లు పిల్లలయ్యే దాకా సుమారు వారం రోజులు దాదాపు తిండి మానేస్తుంది. అన్ని చేపలూ ఒకేసారి గూడు కట్టవు కాబట్టి ఈ మందకొడితనం కొన్ని వారాలు సాగుతుంది. రాళ్లు పేర్చిన గట్టును ఆనుకొని, బొరియల ముందు అడుగు దూరంలో ఎర వేస్తే అప్పుడప్పుడు కొరుకుతుంది.

మీ చెరువులో పోయిన నెల వదిలిన 12 అంగుళాల చేపలే ఉంటే ఈ కారణం మీకు వర్తించకపోవచ్చు. వాటిలో కొన్ని ఇంకా ఈడుకు వచ్చి ఉండకపోవచ్చు.

చలికాలంలో ఆశ వదులుకోవాలా?

అక్కర్లేదు, ఓపిక కావాలి. వేసవికి తలకిందులుగా, ఇప్పుడు లోతైన చోటు వెతకాలి, మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా కూర్చోవాలి. ఎర చిన్నది చేయండి: బొటనవేలి గోరంత చేప ముక్క చాలు. చీజ్ కలిపిన పేస్టు ఎరలు చలికి గట్టిపడి వాసన వదలవు. డిసెంబరు నుంచి టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ విభాగం చాలా పట్టణ చెరువుల్లో రెయిన్‌బో ట్రౌట్ వదులుతుంది. ఆ నెలల్లో పిల్లల్ని తీసుకెళ్తే వాటి మీదే దృష్టి పెట్టడం మంచిది.

నీరు బాగుంది, గుళికలు తింటున్నాయి, గాలానికి మాత్రం పడవు. అంత తెలివి ఉంటుందా?

ఉంటుంది. కొత్తగా వదిలిన చానల్ క్యాట్‌ఫిష్‌ను పట్టడం చాలా తేలిక. ఆ తేలికే తర్వాత ఇబ్బంది తెస్తుంది. తొందరపడి కొరికేవి మొదటి వారాల్లోనే బయటికి పోతాయి, మిగిలేవి జాగ్రత్తగలవి. పట్టి వదిలేసినవైతే కొక్కెం, బరువు, ఆ ఎర రుచి అన్నీ కలిపి గుర్తుపెట్టుకుంటాయి. ఒకే గట్టు నుంచి ఒకే కార్జంతో నెల రోజులు పట్టిన చెరువు ఇలాగే మూతపడుతుంది.

చేయాల్సినవి ఇవి. రెండు మూడు వారాలు గాలం వేయకుండా చెరువును వదిలేయండి, మేత మాత్రం ఆపకండి. తిరిగి మొదలుపెట్టినప్పుడు ఎర జాతి మార్చండి: కార్జం వాడుతుంటే రొయ్యకో చేప ముక్కకో మారండి. 12 పౌండ్ల బరువు ఆపే దారం బదులు 6 లేదా 8 పౌండ్లది వాడండి, సీసం వీలైతే తీసేయండి. అన్నిటికన్నా బాగా పనిచేసేది మేత వేళనే వాడుకోవడం. గుప్పెడు గుళికలు చల్లి, చేపలు పైకొచ్చాక, గుళికంత గోధుమరంగు ఎరను బరువు లేకుండా వాటి మధ్యకు జారవిడవండి. రెండు మూడు చేపలు పడ్డాక ఆ రోజుకు ఆపండి. మందంతా బెదిరితే మేతకు రావడమూ మానేస్తుంది.

పట్టుకు తినాలని పెంచే చెరువులో పట్టిన చేపను తిరిగి వదలొద్దు. ఒక్కో వదిలిన చేపా పాఠం నేర్చినదే.

రోజూ మేత వేస్తున్నాం. ఆ కడుపు నిండటమే కారణమా?

కావచ్చు. గాలం మేతకు ముందు వేయాలి, తర్వాత కాదు. గాలం వేసే ముందు రోజు మేత మానేస్తే ఇంకా మంచిది. మామూలు రోజుల్లో పది పదిహేను నిమిషాల్లో తినేయగలిగినంతే వేయండి, తేలుతూ మిగిలిందంటే ఎక్కువైనట్టు. ఏరేటర్ లేని చెరువుకు రోజుకు ఎకరాకు 10 పౌండ్లు దాటనివ్వకండి. అంతకు మించితే మిగులు కుళ్లి నాచు పెరిగి, పైన చెప్పిన ప్రాణవాయువు ఇబ్బందులన్నీ మీ చేతులతోనే తెచ్చినట్టవుతుంది.

సరే, ఏ ఎర వాడాలి?

చానల్ క్యాట్‌ఫిష్‌కు రుచి మొగ్గలు నోట్లోనే కాదు, మీసాల మీదా ఒళ్లంతా ఉంటాయి. బురద నీటిలో కూడా ఎరను పసిగడుతుంది. కాబట్టి రంగు కన్నా, నీటిలో రుచి వదులుతూ కొక్కెం మీద నిలవడం ముఖ్యం.

కోడి కార్జం తాజాది కొనండి. గడ్డకట్టించి కరిగించినది మెత్తబడి విసరగానే ఊడిపోతుంది. ముక్క చుట్టూ కుట్టు దారం నాలుగు చుట్లు చుడితే నిలుస్తుంది. రొయ్యను పొట్టుతోనే సగానికి తుంచి గుచ్చండి. మన ఊళ్లలో వాడే పిండి ముద్ద ఇక్కడా పనికొస్తుంది: ఒక కప్పు గోధుమపిండి, ఒక కప్పు నానబెట్టి నలిపిన మేత గుళికలు, ఒక చెంచా వెల్లుల్లి ముద్ద, చిటికెడంత దూది పీచు. గట్టిగా కలిపి గోలీలంత ఉండలు చేసి మరుగుతున్న నీటిలో రెండు నిమిషాలు ఉంచితే పైన పొర గట్టిపడి విసిరినా చెదరదు. గుళికలు తిని పెరిగిన చేపకు ఇది తెలిసిన రుచి.

చేతికి దోమల మందు రాసుకుంటే ఎర ముట్టే ముందు సబ్బుతో కడుక్కోండి. డీట్ అనే రసాయనం ఉన్న మందు కొన్ని ప్లాస్టిక్ సామాన్లను కూడా పాడుచేస్తుంది.

టకటకా తగులుతోంది, లాగితే ఖాళీ కొక్కెం వస్తోంది.

ఎక్కువసార్లు అది క్యాట్‌ఫిష్ కాదు, చిన్న సన్‌ఫిష్‌లు. వేగంగా పొడిచి ఎరను ఒలుచుకుపోతాయి. ఎర మెల్లగా, ఒకే బరువుతో పక్కకు పోతుంటే తాబేలు. రెండింటికీ చోటు మారడమే మందు. నిజంగా క్యాట్‌ఫిష్ అయితే రెండు మూడు తడుముళ్ల తర్వాత దారం బిగుసుకుంటుంది.

12 నుంచి 14 అంగుళాల చేపకు 4 లేదా 6 నంబరు కొక్కెం చాలు. చాలామంది పెద్ద కొక్కెం వేసి నోటికి పట్టక పోగొట్టుకుంటారు. మొన లోపలికి వంగిన సర్కిల్ కొక్కెం వాడుతుంటే గుంజకండి, దారం బిగుసుకున్నాక నింపాదిగా చుట్టండి. అడుగున వేసేటప్పుడు గుడ్డు ఆకారపు సీసం దారం మీద జారేలా ఉండాలి. బిగించిన సీసం బరువు తగలగానే జాగ్రత్తగల చేప ఉమ్మేస్తుంది.

ప్రభుత్వం నిన్ననే చేపలు వదిలిందన్నారు. ఒక్కటీ పడలేదే?

లారీ ట్యాంకులో ప్రయాణం, కొత్త నీరు కలిసి వాటిని అలజడికి గురిచేస్తాయి. ఒకటి రెండు రోజులు తినకపోవడం మామూలే. ఆ తర్వాత కూడా చాలావరకు వదిలిన చోటికి దగ్గర్లోనే గుంపుగా తిరుగుతాయి, అందుకే లారీ ఆగగలిగే దారి పక్క గట్టు నుంచి వెతకండి. పట్టణ చెరువుల్లో చేపలు వదిలే నైబర్‌హుడ్ ఫిషిన్ పథకం కింద ఉన్న చెరువుల జాబితా, వేళలు టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ విభాగం వెబ్‌సైట్‌లో ఉంటాయి. ఇలాంటి పార్కు చెరువుల్లో మనిషికి రెండు గాలపు కడ్డీలు, రోజుకు ఐదు క్యాట్‌ఫిష్‌లు పరిమితి. 17 ఏళ్లు నిండినవారికి లైసెన్సు కావాలి.

వాతావరణ పీడనం పడిపోతే చేపలు తినవంటారు. నిజమా?

మేం దాన్ని కారణాల జాబితాలో చివర పెడతాం. పీడనం కొలిచే బారోమీటరులో పాదరసం అరంగుళం మారడమంటే పెద్ద మార్పే. అయినా అది నీటిలో ఏడంగుళాల లోతు తేడాకు సమానం. చేప అడుగు పైకో కిందికో ఈదితే అంతకన్నా ఎక్కువ మార్పు అనుభవిస్తుంది. పీడనంతో పాటు వచ్చే గాలి, మబ్బు, నీటి చల్లదనం మాత్రం నిజంగానే పనిచేస్తాయి. వాటిని కొలవండి.

నాచు మందు వేశాక పడటం ఆగిపోయింది.

చచ్చిన నాచు కుళ్లుతూ ప్రాణవాయువును లాగేస్తుంది. ఒకేసారి చెరువంతా వేయకుండా మూడో వంతుకే వేసి, వారం పది రోజులు ఆగి తర్వాతి వంతుకు వెళ్లాలి. మైలుతుత్తం వాడే ముందు నీటి క్షారత పరీక్షించండి. లీటరుకు 50 మిల్లీగ్రాముల లోపు ఉంటే అది చేపలకే విషం.

చేపలే అయిపోయాయేమో అని ఎలా తెలుస్తుంది?

పట్టినవి, చచ్చినవి రాసుకోకపోతే తెలియదు. చాలామంది చేపలు వాటంతటవే పెరిగి నిండుతాయనుకుంటారు. చిన్న చేపల్ని వేటాడే బాస్ చేపలున్న చెరువులో క్యాట్‌ఫిష్ పిల్లలు దాదాపు మిగలవు. మేత వేయని చెరువుకు వదిలేది ఎకరాకు 50 నుంచి 100. ఎకరాకు వంద వదిలినా, రెండు వేసవుల్లో 60 పట్టుకుంటే, చచ్చినవి కూడా పోను మిగిలేవి కొద్దివే.

పట్టుకోకుండానే పోయేవీ ఉన్నాయి. భారీ వానలకు అలుగు పొర్లితే క్యాట్‌ఫిష్ ప్రవాహంతో పోతుంది. అలుగుకు అంగుళం సందుతో నిలువు కడ్డీలు పెట్టి, చెత్త పేరుకోకుండా చూడాలి. చలికాలంలో వచ్చే నీటికాకులు ఒక్కొక్కటి రోజుకు సుమారు పౌండు చేప తింటాయి. వాటికి అమెరికా చట్టం రక్షణ ఉంది కాబట్టి చప్పుడు చేసి తరమండి. గట్టు మీద పొలుసులు, తలలు, ముళ్లు కుప్పగా కనిపిస్తే నీటికుక్కలు తిరుగుతున్నాయి.

తిరిగి వదిలేటప్పుడు బాస్ ఉన్న చెరువుకు 8 అంగుళాలకు తగ్గని పిల్లలే కొనండి. అంతకన్నా చిన్నవి బాస్‌కు మేతే.

జబ్బు అని ఎప్పుడు అనుమానించాలి?

చేపలు గుండ్రంగా తిరుగుతుంటే, తల మీద పుండు ఉంటే, చర్మం మీద తెల్లని దూదిలాంటిది కనిపిస్తే మేత ఆపి, ప్రాణం పోతున్న చేపను మంచుపెట్టెలో పెట్టి రైతులకు సలహాలిచ్చే కౌంటీ ఎక్స్‌టెన్షన్ కార్యాలయాన్ని అడగండి. చచ్చి తేలినది పరీక్షకు పనికిరాదు. మేత ఎక్కువ వేసే చెరువులో మొప్పలు చాక్లెట్ రంగుకు తిరిగితే నీటిలో నైట్రైట్ అనే విషపదార్థం చేరినట్టు. దానికి మందు మామూలు ఉప్పే: ఎకరం వైశాల్యంలో ఒక్కో అడుగు లోతుకు సుమారు 450 పౌండ్లు వేస్తే లీటరుకు 100 మిల్లీగ్రాముల క్లోరైడ్ పెరుగుతుంది. ముందుగా నీటిలో నైట్రైట్, క్లోరైడ్ రెండూ పరీక్షించి అవసరమైనంతే వేయండి. మొప్పలు మళ్లీ ఎర్రబడ్డాక, మామూలు మేతలో నాలుగో వంతుతో మొదలుపెట్టి, చేపలు పూర్తిగా తింటున్నాయని చూశాకే గాలం బయటికి తీయండి.